కొలిస్తేనే తెలిసేది.. పురుగు జాతి

రూపంలో కవలలు.. నష్టంలో వేర్వేరు
మిల్లీమీటర్ల లెక్కతో రెక్కల పురుగుల గుర్తింపు

చేనులో పురుగు కనిపించగానే రైతు వేసే మొదటి ప్రశ్న ‘ఏ మందు కొట్టాలి?’ అన్నది. దానికన్నా ముందు తేల్చుకోవలసిన ప్రశ్న మరొకటి ఉంది. అసలు ఆ పురుగు ఏ జాతిది? చూడటానికి ఒకేలా ఉండే పురుగులు ఒకే మందుకు లొంగవు. ఒకే ఎరకు ఆకర్షితం కావు. జాతిని పొరబడితే మందు ఖర్చు, కూలి ఖర్చు, చివరకు పంట కూడా చేజారిపోతాయి.

పొగాకు లద్దె పురుగు, కత్తెర పురుగు, పచ్చ రబ్బరు పురుగు మూడూ స్పోడోప్టెరా అనే ఒకే ప్రజాతికి చెందిన దాయాదులు. వీటి రెక్కల పురుగులను పక్కపక్కన ఉంచితే బూడిద, గోధుమ వన్నెల్లో ఇంచుమించు ఒకే తీరుగా అగుపిస్తాయి. శనగపచ్చ పురుగుకు సైతం ఇటువంటి దాయాదులు ఉన్నాయి. తాజాగా ఉన్న పురుగునైతే రెక్కల మీది మచ్చలను బట్టి కొంతవరకు పోల్చుకోవచ్చు. లింగాకర్షక బుట్టలో పడి రాత్రంతా కొట్టుకున్న పురుగుకు ఆ అవకాశం ఉండదు. రెక్కల మీది పొలుసులు రాలిపోయి మచ్చలు చెరిగిపోతాయి. అప్పుడు ఆధారంగా మిగిలేది దేహపు కొలతలే. కీటక శాస్త్రంలో ఈ కొలతల విద్యకు ప్రత్యేక స్థానం ఉన్నది ఇందువల్లనే.

పేరు తప్పితే మందూ తప్పే

పురుగు పేరు తెలియడం ఎంత అవసరమో తెలుగు నేల మీది పత్తి చేలే చెబుతాయి. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులను దెబ్బతీసింది శనగపచ్చ పురుగు. అప్పటివరకు బాగా పనిచేసిన సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులను అది తట్టుకోగలుగుతున్నట్లు పరీక్షల్లో తేలింది. పదేళ్ల తరువాత 1997-98లో వరంగల్ జిల్లా పత్తిని ఊడ్చేసింది పొగాకు లద్దె పురుగు. రెండు సందర్భాల్లోనూ అప్పుల పాలైన రైతులు ఆత్మహత్యలకు పాల్పడ్డారు. పంట ఒకటే అయినా పురుగులు వేరు, వాటి నడవడి వేరు.

2002లో కేంద్రం అనుమతించిన తొలి బీటీ పత్తిలోని జన్యువు కాయతొలుచు పురుగుల మీద పనిచేసినంతగా పొగాకు లద్దె పురుగు మీద పనిచేయలేదు. 2006లో రెండు జన్యువులతో కూడిన రకాలు రావడానికి ఇది కూడా ఒక కారణం. ‘బీటీ వేశాం కదా, పురుగు ఎందుకు పడింది?’ అన్న ప్రశ్నకు సమాధానం తొలినాళ్లలో చాలావరకు పురుగు జాతిలోనే దొరికేది.

ఆస్ట్రేలియా అనుభవం ఈ విషయాన్ని మరింత స్పష్టం చేస్తుంది. అక్కడి పత్తి మీద మన శనగపచ్చ పురుగుతోపాటు దాని దాయాది అయిన హెలికోవర్పా పంక్టిజెరా కూడా కనిపిస్తుంది. 1983లో క్వీన్స్‌లాండ్‌లోని ఎమరాల్డ్ ప్రాంతంలో పైరిథ్రాయిడ్ మందులు పనిచేయకుండా పోయాయి. మందును తట్టుకున్నది శనగపచ్చ పురుగు మాత్రమే. పంక్టిజెరా అదే మందుకు ఎప్పటిలాగే చస్తూ వచ్చింది. అందువల్ల చేనులో ఉన్నది ఏదో తేల్చుకున్న తరువాతే మందు ఎంచుకోవలసి వచ్చింది.

బుట్టలో పెట్టే ఎర విషయమూ ఇంతే. పొగాకు, మిరప వంటి మొక్కల మీద బతికే హెలికోవర్పా అసల్టా అనే మరో దాయాది ఉంది. ఇది శనగపచ్చ పురుగు కంటే కొంత చిన్నది. ఆడ పురుగు వెదజల్లే వాసనలో రెండింటికీ ప్రధాన పదార్థాలు అవే రెండు. శనగపచ్చ పురుగులో మొదటిది సుమారు 97 పాళ్లు, రెండోది 3 పాళ్లు ఉంటే, అసల్టాలో ఆ లెక్క తలకిందులవుతుంది. ఒకదాని ఎర పెట్టి రెండోదాన్ని లెక్కించాలనుకుంటే బుట్ట ఖాళీగానే ఉంటుంది. పురుగు లేదని రైతు ధీమాగా ఉండిపోతాడు.

రెక్కలు వచ్చాక ఎదుగుదల లేదు

చిన్న రెక్కల పురుగు కొన్నాళ్లకు పెద్దదవుతుందని చాలామంది అనుకుంటారు. ఇది అపోహ. ఎదుగుదల అంతా లద్దె పురుగు దశలోనే పూర్తవుతుంది. ప్యూపా నుంచి బయటకు వచ్చి రెక్కలు విప్పుకున్న తరువాత ఆ రెక్క ఒక్క మిల్లీమీటరు కూడా పెరగదు. కాబట్టి రెక్కల పురుగు కొలత స్థిరమైనది, నమ్మదగినది.

అయితే ఒకే తల్లి గుడ్ల నుంచి వచ్చిన పురుగులన్నీ ఒకే పరిమాణంలో ఉండవు. లద్దె పురుగుగా ఉన్నప్పుడు లేత ఆకు దొరికిందా, ముదురాకు దొరికిందా, ఎండ తీవ్రత ఎంత, ఒకేచోట ఎన్ని పురుగులు పోటీపడ్డాయి అన్న అంశాలను బట్టి పరిమాణం మారుతుంది. కడుపు నిండని పెద్ద జాతి పురుగు, బాగా మేసిన చిన్న జాతి పురుగు దాదాపు ఒకే సైజులో కనిపించడానికి కారణం ఇదే. అందువల్ల ఒక్క పురుగును కొలిచి తీర్పు చెప్పరు. వీలైనన్ని పురుగులను కొలిచి సగటును, కనిష్ఠ గరిష్ఠాలను లెక్కలోకి తీసుకుంటారు.

ఎక్కడ కొలుస్తారు?

రెండు రెక్కలనూ విప్పి ఈ కొన నుంచి ఆ కొనకు కొలిచేది రెక్కల విస్తీర్ణం. పుస్తకాల్లో ఎక్కువగా కనిపించే కొలత ఇదే. కాని పురుగును అట్ట మీద అమర్చిన తీరును బట్టి ఇది ఒకటి రెండు మిల్లీమీటర్లు మారిపోతుంది. ఒక ముందు రెక్కను మాత్రమే, అది దేహానికి అతుక్కున్న మొదలు నుంచి కొన వరకు కొలిస్తే అటువంటి తేడా రాదు. అందుకే పరిశోధకులు ముందు రెక్క పొడవునే ఎక్కువగా నమ్ముతారు. పొట్ట పొడవును అంతగా పట్టించుకోరు. ఎండితే పొట్ట కుంచించుకుపోతుంది, గుడ్లతో నిండితే ఉబ్బుతుంది.

రెక్కలను కొలవడానికి వెర్నియర్ కాలిపర్ సరిపోతుంది. తల వెడల్పు, కాలి భాగాలు, జననాంగాల వంటి సూక్ష్మ భాగాలకు సూక్ష్మదర్శిని కావాలి. దాని కంటి కటకంలో సన్నని గీతల స్కేలు అమర్చి ఉంటుంది. ఒక్కో గీత ఎన్ని మిల్లీమీటర్లకు సమానమో ముందుగా సరిచూసుకుని ఆ తరువాత కొలతలు తీస్తారు.

మగవాటిని మగవాటితోనూ, ఆడవాటిని ఆడవాటితోనూ పోల్చడం ముఖ్యం. ఆడ, మగ తేడాను జాతి తేడాగా పొరబడే ప్రమాదం ఉంది. వెనుక రెక్క మొదట్లో ముందు రెక్కను పట్టి ఉంచే ముల్లు వంటి రోమం ఉంటుంది. సాధారణంగా మగ పురుగులో అది ఒకటే బలమైన ముల్లుగా, ఆడ పురుగులో రెండు లేదా అంతకంటే ఎక్కువ సన్నని రోమాలుగా ఉంటుంది. భూతద్దంతో చూస్తే ఆడ, మగ తెలిసిపోతుంది.

ఒక్క కొలత చాలదు

కత్తెర పురుగు రెక్కల విస్తీర్ణం సుమారు 32 నుంచి 40 మిల్లీమీటర్లు. పొగాకు లద్దె పురుగుది సుమారు 30 నుంచి 38. పచ్చ రబ్బరు పురుగుది సుమారు 25 నుంచి 30. ఈ అంకెలను చూస్తే సమస్య అర్థమవుతుంది. 26 మిల్లీమీటర్ల పురుగు దొరికితే అది మొదటి రెండింటిలో ఏదీ కాదని చెప్పవచ్చు. 35 మిల్లీమీటర్ల పురుగు దొరికితే అది కత్తెర పురుగూ కావచ్చు, పొగాకు లద్దె పురుగూ కావచ్చు. కొలత కొన్నింటిని తోసిపుచ్చగలదే తప్ప అన్నివేళలా ఒకదాన్ని ఖాయం చేయలేదు.

ఇటువంటప్పుడు నిష్పత్తి అక్కరకు వస్తుంది. బియ్యం వ్యాపారంలో ఉన్నవారికి ఇది కొత్త కాదు. 6 మిల్లీమీటర్లలోపు పొడవున్న గింజలన్నీ ఒకే రకం కావు. పొడవును వెడల్పుతో భాగిస్తే 2.5 కంటే తక్కువ వచ్చేది దొడ్డు గింజ, 2.5 నుంచి 3 మధ్య వచ్చేది మధ్యస్థ సన్నం. సాంబ మసూరి ఈ రెండో కోవకు చెందుతుంది. పొడవు ఒక్కటే చూస్తే రెండూ ఒకటిగానే కనిపిస్తాయి, నిష్పత్తి చూస్తే విడిపోతాయి. పురుగుల్లోనూ రెక్క పొడవుకూ వెడల్పుకూ, ఒక అవయవానికీ మరొక అవయవానికీ ఉండే నిష్పత్తి మేత తక్కువైనంత మాత్రాన పొడవు మారినంతగా మారదు. పురుగు బక్కచిక్కినా దాని పోలిక చాలావరకు నిలిచి ఉంటుంది.

సి.ఆర్.రావు చూపిన దారి

రెండు మూడు కొలతలు విడివిడిగా తేల్చలేని తగవును అవన్నీ కలిసి తేల్చగలవు. దీనికి గణిత రూపం ఇచ్చినవారిలో ఒక తెలుగు మేధావి ఉన్నారు. 1936లో ఇంగ్లండ్‌కు చెందిన ఆర్.ఎ.ఫిషర్ మూడు జాతుల ఐరిస్ పూల రేకుల పొడవు, వెడల్పులను కలిపి లెక్కించి జాతులను వేరుచేసే పద్ధతిని ప్రకటించారు. అదే ఏడాది కలకత్తాకు చెందిన పి.సి.మహలనోబిస్ అనేక కొలతల ఆధారంగా రెండు సమూహాల మధ్య ‘దూరం’ లెక్కించే సూత్రాన్ని అందించారు.

ఈ కృషిని ముందుకు తీసుకువెళ్లినవారు కల్యంపూడి రాధాకృష్ణారావు. 1920లో హడగలిలోని తెలుగు కుటుంబంలో జన్మించి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన ఆయన కేంబ్రిడ్జిలో సూడాన్ దేశపు జెబెల్ మోయా తవ్వకాల్లో లభించిన అస్థిపంజరాల కొలతలను విశ్లేషించారు. జీవుల వర్గీకరణలో అనేక కొలతలను ఒకేసారి ఎలా వినియోగించాలో వివరిస్తూ 1948లో పరిశోధన పత్రం వెలువరించారు. ఒక జీవిని రెండు గుంపుల మధ్యనే కాక అనేక గుంపుల మధ్య ఎక్కడ చేర్చాలో తేల్చే దారి అందులో ఉంది. 2023 ఆగస్టులో 102 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. ఎముకలకు వర్తించిన ఆ గణితమే పురుగుల రెక్కలకూ వర్తిస్తుంది. రెక్క పొడవు, వెడల్పు, తల వెడల్పు వంటి కొలతలను కంప్యూటరుకు అందిస్తే, కొత్తగా దొరికిన పురుగు ఏ జాతి గుంపుకు దగ్గరగా ఉందో లెక్క తేలుతుంది.

లద్దె పురుగుకు తలే కొలబద్ద

లద్దె పురుగు దేహం మెత్తనిది. సాగుతుంది, ముడుచుకుంటుంది, మేత మేస్తే లావెక్కుతుంది. దాని తల మాత్రం గట్టి గుల్ల. కుబుసం విడిచే వరకు ఆ గుల్ల వెడల్పు మారదు. కుబుసం విడిచిన ప్రతిసారీ ఒక్కసారిగా పెరుగుతుంది. అమెరికాకు చెందిన హారిసన్ డయ్యర్ 1890లో 28 జాతుల లద్దె పురుగుల తలలను కొలిచి, ఈ పెరుగుదల ఒక క్రమమైన హెచ్చింపులో సాగుతుందని గుర్తించారు. నేటికీ దాన్ని డయ్యర్ నియమం అనే పిలుస్తారు.

కత్తెర పురుగు లద్దె దశలో ఆరు అంచెలు ఉంటాయి. తల వెడల్పు మొదటి అంచెలో సుమారు 0.35 మిల్లీమీటరు. అక్కడి నుంచి వరుసగా 0.45, 0.75, 1.3, 2.0, చివరి అంచెలో 2.6 మిల్లీమీటర్లకు చేరుతుంది. దేహం పొడవు అదే కాలంలో 1.7 నుంచి సుమారు 34 మిల్లీమీటర్లకు పెరుగుతుంది. తల కొలిస్తే పురుగు వయసు తెలుస్తుంది. జాతిని పోల్చడానికి ముందు వయసు తెలియడం తప్పనిసరి. ఒక జాతి పిల్ల పురుగును మరో జాతి ఎదిగిన పురుగుతో పోల్చి చూస్తే లెక్క తప్పుతుంది.

ఈ కొలత రైతు ఖర్చుతోనూ ముడిపడి ఉంది. కత్తెర పురుగు తన జీవితకాలంలో తినే ఆకులో దాదాపు 77 శాతం చివరి అంచెలోనే తింటుంది. మొదటి మూడు అంచెల్లో కలిపి తినేది 2 శాతానికి మించదు. పిల్ల పురుగుగా ఉన్నప్పుడు గుర్తిస్తే పంట నిలుస్తుంది. ఎదిగి మొక్కజొన్న సుడిలోకి చేరి విసర్జనతో దారి మూసుకున్న తరువాత మందు దానిని చేరడం కష్టం.

2018 మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గలో ఈ పురుగును తొలిసారి గుర్తించారు. ఆ ఏడాదిలోనే అది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మొక్కజొన్న చేలకు చేరింది. అప్పటివరకు లద్దె పురుగు అంటే పొగాకు లద్దె పురుగే గుర్తుకు వచ్చే రైతులు రెండింటినీ వేరుగా చూడటం నేర్చుకోవలసి వచ్చింది. ఎదిగిన కత్తెర పురుగు తల మీద తిరగేసిన ఆంగ్ల ‘వై’ అక్షరం వంటి గీత ఉంటుంది. పొట్ట భాగపు కణుపుల మీద నాలుగేసి చుక్కలు ఉంటాయి. తోక వైపున ఎనిమిదో కణుపు మీద ఆ నాలుగూ చతురస్రంగా, సమదూరంలో అమరి ఉంటాయి. దానికి ముందున్న కణుపుల్లో ముందు జత చుక్కలు దగ్గరగా, వెనుక జత ఎడంగా ఉంటాయి. ఇది కూడా ఒక కొలతే. చుక్కల మధ్య దూరమే ఇక్కడ సాక్ష్యం.

కవలల గుట్టు విప్పేది

బయటి రూపంలో ఏ తేడా లేని జాతులూ ఉన్నాయి. మన పొగాకు లద్దె పురుగుకు ఆఫ్రికా, మధ్యధరా ప్రాంతాల్లో స్పోడోప్టెరా లిట్టోరాలిస్ అనే కవల ఉంది. ఈ రెండింటినీ చాలాకాలం ఒకే జాతిగా పరిగణించారు. ఇటువంటి వాటిని వేరుచేయడానికి జననాంగాల పరీక్ష ఒక్కటే పాత తరం శాస్త్రవేత్తలకు దారి. పురుగు పొట్ట కొసను కాస్టిక్ పొటాష్ ద్రావణంలో వేడిచేస్తే మెత్తని కండ కరిగి గట్టి భాగాలు మిగులుతాయి. వాటిని గాజు పలక మీద పరచి సూక్ష్మదర్శిని కింద కొలుస్తారు. మేత ఎక్కువ తక్కువల ప్రభావం ఈ భాగాల మీద తక్కువగా ఉంటుంది.

కెనడాకు చెందిన హార్డ్‌విక్ 1965లో ఈ విధమైన పరీక్షలతోనే శనగపచ్చ పురుగు, దాని దాయాదులను హెలికోవర్పా అనే కొత్త ప్రజాతిగా వేరుచేశారు. 2013లో బ్రెజిల్‌లో శనగపచ్చ పురుగు బయటపడినప్పుడు, అక్కడ అంతకుముందే ఉన్న హెలికోవర్పా జియా నుంచి దానిని వేరుచేసి చూడవలసి వచ్చింది. మగ పురుగు జననాంగపు మొదట్లో శనగపచ్చ పురుగుకు ఒక తమ్మె ఉంటే, జియాకు మూడు ఉంటాయి. ఆస్ట్రేలియాలోనైతే ప్యూపా తోక చివర ఉండే రెండు ముళ్ల మధ్య ఎడం చూస్తారు. శనగపచ్చ పురుగు ప్యూపాలో ఆ ఎడం ఎక్కువ, పంక్టిజెరాలో తక్కువ.

కొలతకూ హద్దులు

కొలత సర్వస్వం కాదు. కత్తెర పురుగులో మొక్కజొన్నను ఇష్టపడేది, వరిని ఇష్టపడేది అని రెండు తెగలు ఉన్నాయి. రూపంలోగాని కొలతలోగాని వాటికి తేడా లేదు. జన్యు పరీక్షే వాటిని విడదీస్తుంది. శనగపచ్చ పురుగు, జియా జతకట్టి సంకర సంతానాన్ని కంటున్నచోట జననాంగాల కొలతలు కూడా తికమక పెడతాయి. 2003 తరువాత ప్రాచుర్యంలోకి వచ్చిన డీఎన్ఏ బార్‌కోడ్ విధానంలో సుమారు 650 అక్షరాల జన్యు ముక్కను చదివి జాతిని నిర్ధారిస్తున్నారు.

అయినా పొలంలో దొరికిన ప్రతి పురుగునూ జన్యు ప్రయోగశాలకు పంపడం సాధ్యం కాదు. ముందు కొలతతో జల్లెడ పట్టి, అనుమానం మిగిలిన వాటినే పంపుతారు. ఖర్చు తక్కువ, ఫలితం త్వరగా అందుతుంది.

రైతు చేయదగింది

జననాంగాల పరీక్ష రైతు పని కాదు. సరైన నమూనా అందించడం మాత్రం రైతు చేతిలోనే ఉంది. ఒక్క పురుగును కాక వేర్వేరు సైజుల్లో పది పదిహేను లద్దె పురుగులను, అవి తింటున్న ఆకుతో సహా గాలి ఆడే డబ్బాలో ఉంచి కృషి విజ్ఞాన కేంద్రానికి గాని, సమీపంలోని వ్యవసాయ పరిశోధన స్థానానికి గాని చేర్చాలి. బుట్టలో పడిన రెక్కల పురుగులను వేళ్లతో నలపకుండా మడిచిన కాగితంలో విడివిడిగా ఉంచాలి. ప్లాస్టిక్ సంచిలో వేస్తే చెమ్మకు కుళ్లిపోతాయి. డబ్బా మీద ఊరు, పంట, తేదీ, ఏ ఎర పెట్టిన బుట్టలో పడిందీ రాయాలి.

సెల్‌ఫోన్‌తో ఫొటో పంపేవారు పురుగు పక్కన స్కేలు ఉంచాలి. స్కేలు లేకుంటే పది రూపాయల నాణెం ఉంచినా చాలు. దాని వ్యాసం 27 మిల్లీమీటర్లు. నాణెం లేని ఫొటోలో పురుగు రంగు మాత్రమే కనిపిస్తుంది. నాణెం ఉన్న ఫొటోలో దాని కొలత కూడా కనిపిస్తుంది. ఫొటోను పై నుంచి నిటారుగా తీయాలి. పక్క నుంచి వంచి తీస్తే కొలత తప్పుతుంది. లద్దె పురుగైతే తల, తోక వైపు కణుపులు స్పష్టంగా కనిపించేలా మరో రెండు ఫొటోలు తీయాలి.

మందు డబ్బా కొనడానికి ముందు ఈ పనికి ఒక పూట వెచ్చించడం దండగ కాదు. పురుగు పేరు, వయసు తెలిసిన తరువాత కొట్టిన ఒక్క మందు, తెలియక కొట్టిన మూడు మందుల కంటే మేలు.